పదేళ్ళు దోషిగా నిలబడిన కావలివాడు: పి53 కథ

1979లో లండన్, ప్రిన్స్‌టన్, న్యూయార్క్‌లలోనూ, పారిస్ సమీపంలోని ఒక పరిశోధన సంస్థలోనూ పనిచేస్తున్న శాస్త్రజ్ఞులకు దాదాపు ఒకే సమయంలో ఒకే ప్రోటీన్ కంటబడింది. వారిలో ఎక్కువమంది వెతుకుతున్నది దానిని కానేకాదు. ఎస్.వి.40 అనే కోతుల వైరస్ ఎలుక కణాలను క్యాన్సర్ కణాలుగా ఎలా మారుస్తుందో తెలుసుకోవాలని, ఆ వైరస్ తయారుచేసే ఒక ప్రోటీన్‌ను కణంలోనుండి వేరుచేస్తున్నారు. దానిని బయటికి లాగిన ప్రతిసారీ దానిని అంటిపెట్టుకుని మరొకటి కూడా వస్తోంది. ఆ రెండవది వైరస్‌ది కాదు, కణం సొంతది. ప్రయోగశాలలో కొలిచినప్పుడు దాని బరువు 53 వేల డాల్టన్లుగా కనిపించింది కనుక పి53 అని పేరు పెట్టారు. అసలు బరువు 44 వేలకు కాస్త తక్కువేనని తరువాత తేలింది. పేరు మాత్రం అలాగే ఉండిపోయింది.

క్యాన్సర్ కణాలలో ఇది కుప్పలుగా పోగుపడి కనిపించింది. ఆరోగ్యంగా ఉన్న కణాలలో ఉందో లేదో తెలియనంత తక్కువ. దొంగతనం జరిగిన చోట ఎప్పుడూ కనిపించే మనిషిని అనుమానించడం సహజమే కదా! 1984లో పి53 జన్యువును రాస్ అనే మరొక జన్యువుతో కలిపి కణాలలోనికి ఎక్కించగా అవి క్యాన్సర్ లక్షణాలు చూపాయి. దానితో పి53 క్యాన్సర్‌ను రగిలించే జన్యువుల జాబితాలో చేరిపోయింది.

మరుసటి ఏడాదే ఒక పొసగని సాక్ష్యం బయటపడింది. హెచ్.ఎల్.60 అనే మనిషి రక్త క్యాన్సర్ కణాలలో పి53 జన్యువులో చాలా భాగం లుప్తమై, ఆ ప్రోటీన్ అసలే తయారు కావడం లేదు. దోషి లేకుండానే నేరం జరిగిందన్నమాట. అయినా అప్పటికి బలపడిన అభిప్రాయం అంత తేలికగా కదలలేదు.

కదిలించినది ఒక విఫల ప్రయోగం. ప్రిన్స్‌టన్‌లోని ఆర్నాల్డ్ లెవిన్ ప్రయోగశాలలో ఉన్న పి53 జన్యువు నకలు ఎన్నిసార్లు ప్రయత్నించినా కణాలను క్యాన్సర్ వైపు మళ్ళించలేదు. ఇతరుల వద్ద ఉన్న నకళ్ళు మాత్రం చక్కగా మళ్ళిస్తున్నాయి. తమ చేతివాటంలోనే లోపముందని సరిపెట్టుకోకుండా, వారు ఆ నకళ్ళ అక్షరక్రమాన్ని పక్కపక్కన పెట్టి పోల్చి చూశారు. పనిచేస్తున్నవన్నీ దెబ్బతిన్న నకళ్ళు! క్యాన్సర్ కణాలనుండి తీసినవి కనుక వాటిలో ఉత్పరివర్తనాలున్నాయి. 1989లో అసలైన, చెడిపోని పి53ని ఎక్కించి చూస్తే అది క్యాన్సర్ పెరుగుదలను అడ్డుకుంది. అదే సంవత్సరం బాల్టిమోర్‌లో బెర్ట్ వోగెల్‌స్టీన్ బృందం, పెద్దపేగు క్యాన్సర్లలో 17వ క్రోమోజోము మీద తరచుగా చెడిపోతున్నది ఈ జన్యువేనని చూపింది. పదేళ్ళపాటు అందరూ విరిగిన బ్రేకును చేతిలో పట్టుకుని, అది యాక్సిలరేటరు అనుకున్నారు.

ఇంతకూ ఇది చేసే పని ఏమిటి? పి53 జన్యువులను నియంత్రించే ప్రోటీన్. కేంద్రకంలో డి.ఎన్.ఏ.ను అంటిపెట్టుకుని కొన్ని జన్యువులను మేల్కొలుపుతుంది. మామూలు రోజులలో ఎం.డి.ఎం.2 అనే మరొక ప్రోటీన్ దీనిని తయారైన నిమిషాలలోనే నాశనానికి పంపుతూ ఉంటుంది. రేడియేషన్ వల్లనో మరొక కారణం చేతనో డి.ఎన్.ఏ. తెగినప్పుడు ఈ నాశనం ఆగి పి53 పెరుగుతుంది. అప్పుడది పి21 అనే జన్యువును మేల్కొలిపి కణవిభజనను నిలిపివేస్తుంది. మరమ్మతుకు వ్యవధి దొరుకుతుంది. మరమ్మతు సాధ్యం కానప్పుడు కణం తనంతట తానే మరణించే ఏర్పాటును నడిపిస్తుంది. ఎం.డి.ఎం.2ను తయారు చేయించేది కూడా పి53నే. చెడిపోయిన పి53 ఆ పని సరిగా చేయలేదు కనుక తాను నాశనం కాకుండా పోగుపడుతుంది. 1979లో అందరినీ తప్పుదారి పట్టించిన కుప్పల రహస్యం ఇదే.

1992లో అమెరికాలో పి53 లేని ఎలుకలను పుట్టించారు. అవి చాలావరకు మామూలుగానే పుట్టి పెరిగాయి. ఆరు నెలలు నిండేలోపే వాటిలో అధిక భాగానికి కణుతులు వచ్చాయి. మరుసటి ఏడాది అటువంటి ఎలుకల థైమస్ కణాల మీద రేడియేషన్ ప్రయోగించగా, చనిపోవలసిన కణాలు బ్రతికి నిలిచాయి. కొన్ని కణుతులు రేడియేషన్ చికిత్సకు ఎందుకు లొంగవో కొంత బోధపడింది. చిన్న ఆర్.ఎన్.ఏ. తునకలతో ఒక జన్యువు నోరు నొక్కే పద్ధతి వచ్చాక, 2002లో ఆమ్‌స్టర్‌డామ్ శాస్త్రజ్ఞులు రొమ్ము క్యాన్సర్ కణాలలో పి53ని అలా అణచివేశారు. రేడియేషన్ తగిలిన తరువాత ఆగవలసిన చోట ఆ కణాలు ఆగలేదు.

ప్రయోగశాలలో మనిషి నేర్చుకున్న ఈ విద్య ఒక వైరస్‌కు ఎప్పటినుండో తెలుసు. నేను వైద్యం చదివిన రోజులలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు కారణాలుగా చిన్న వయసులో పెళ్ళి, ఎక్కువ కాన్పులు, శుభ్రత లేకపోవడం అని వరుసగా వ్రాసుకున్నాము. ఉద్యోగంలో చేరాక, వ్యాధి ముదిరి రక్తస్రావంతో వచ్చిన తల్లులకు నేనూ అదే చెప్పాను. "నేనేం పాపం చేశాను బాబూ" అని అడిగినవారికి ఆ జాబితా ఎలా వినిపించి ఉంటుందో ఇప్పుడు తలచుకుంటే సిగ్గుగా ఉంటుంది. 1983, 84లలో జర్మనీలో హరాల్డ్ జుర్ హౌసెన్ బృందం ఈ క్యాన్సర్ కణాలలో హెచ్.పి.వి. 16, 18 రకాల వైరస్‌లను కనుగొన్నది. ఈ క్యాన్సర్లలో సుమారు 70 శాతానికి ఆ రెండే కారణం. 1990లో అమెరికా శాస్త్రజ్ఞులు మరో ముడి విప్పారు. ఈ వైరస్ తయారుచేసే ఇ6 అనే ప్రోటీన్, కణం సొంత చెత్తను తొలగించే యంత్రాంగాన్నే ఉసిగొల్పి పి53ని ధ్వంసం చేయిస్తుంది. జన్యువు మీద గీత కూడా పడదు. కావలివాడు పుడుతూనే ఉంటాడు, మాయమవుతూనే ఉంటాడు. ఇ7 అనే మరొకటి రెండవ కావలిని పడగొడుతుంది. వైరస్ సోకిన వెంటనే క్యాన్సర్ రాదు. చాలామందిలో అది ఒకటి రెండేళ్ళలో తనంతట తానే పోతుంది. పోనివారిలో సంవత్సరాల తరబడి ఈ తతంగం సాగాలి. అందువల్లనే ఆడపిల్లలకు 9 నుండి 14 ఏళ్ళ మధ్య టీకాకూ, 30 దాటిన స్త్రీలకు నొప్పి లేకపోయినా చేయించవలసిన పరీక్షకూ అంత విలువ.

1951లో బాల్టిమోర్‌లో హెన్రియెట్టా లాక్స్ అనే నల్లజాతి స్త్రీ ముఖద్వార కణితి నుండి, ఆమె అనుమతి అడగకుండానే తీసిన కణాలు హీలా అన్న పేరుతో నేటికీ ప్రయోగశాలలలో పెరుగుతున్నాయి. వాటిలో ఉన్నది 18వ రకం వైరస్. ఆమె మరణించిన దాదాపు యాభై ఏళ్ళకు, ఆ కణాలలో వైరస్ తాలూకు ఇ6, ఇ7 జన్యువులను అణచివేసి చూశారు. పి53 మళ్ళీ కనిపించింది. అరశతాబ్దంపాటు ఎడతెరిపి లేకుండా విభజన చెందుతూ వచ్చిన కణాలు ఆగిపోయాయి. వాటిలో ఆమె పి53 జన్యువు ఏ దెబ్బా తినకుండా అలాగే ఉంది.