కిట్టి బిగించి... శిస్తు రాబట్టి

కిట్టి అంటే రెండు కర్రలు. ఒక కొసన కలిపి కట్టి ఉంటాయి. వాటి నడుమ మనిషి వేళ్ళు పెట్టి రెండో కొసను నొక్కుతారు. నిమ్మకాయ పిండే చెక్క ఎలా పనిచేస్తుందో ఇదీ అలాగే పనిచేస్తుంది. శిస్తు బాకీ పడ్డ రైతు ఓర్చుకోలేని దశకు వచ్చేదాకా, ఇంట్లో ఉన్నదో అప్పు తెచ్చిందో కడతానని ఒప్పుకునేదాకా నొక్కుతూనే ఉండేవారు.

ఈ వివరాలు కంపెనీ ప్రభుత్వం మీద కోపంతో ఎవరో రాసిన కరపత్రంలోవి కావు. ఆ ప్రభుత్వమే నియమించిన కమిషన్ 1855 ఏప్రిల్‌లో మద్రాసు గవర్నరుకు సమర్పించిన నివేదికలోవి. మద్రాసు రాజధానిలో శిస్తు వసూలుకూ, పోలీసు దర్యాప్తుకూ చిత్రహింసలు పెడుతున్నారన్న ఆరోపణ మీద జరిగిన విచారణ అది. చరిత్రకారులు దాన్ని టార్చర్ కమిషన్ రిపోర్టు అంటారు. అప్పటి మద్రాసు రాజధానిలో గంజాం నుంచి నెల్లూరు దాకా కోస్తా, బళ్ళారి నుంచి కడప దాకా దత్తమండలాలు కలిసే ఉన్నాయి. అంటే ఈ నివేదిక మన తాతముత్తాతల ఊళ్ళకూ సంబంధించినదే. అయినా మన పాఠ్యపుస్తకాల్లో దీనికి దక్కిన చోటు ఒకటి రెండు వాక్యాలకు మించదు.

దీని వెనక ఒక తెలుగు వర్తకుడి పట్టుదల ఉంది. గాజుల లక్ష్మీనర్సు శెట్టి 1806లో మద్రాసులో పుట్టాడు. నీలిమందు, బట్టల వ్యాపారంలో బాగా గడించాడు. 1844లో క్రెసెంట్ అనే ఇంగ్లిష్ పత్రిక పెట్టాడు. 1852లో మద్రాసు నేటివ్ అసోసియేషన్ స్థాపించి, రైతుల మీద పడుతున్న పన్నుల భారం, కోర్టుల జాప్యం, కింది ఉద్యోగుల దౌర్జన్యం గురించి బ్రిటిష్ పార్లమెంటుకే అర్జీ పంపాడు. కంపెనీ చార్టరు 1853లో పునరుద్ధరణకు రాబోతోంది. అడగాల్సిన మాట అడగడానికి అదే అదనని ఆయనకు తెలుసు.

1853లో డాన్బీ సీమోర్ అనే పార్లమెంటు సభ్యుడు మద్రాసు వచ్చినప్పుడు లక్ష్మీనర్సు అతన్ని పట్నానికే పరిమితం కానివ్వలేదు. జిల్లాలకు వెంటబెట్టుకెళ్ళి రైతుల గోడు వాళ్ళ నోటనే వినిపించాడు. సీమోర్ లండన్ చేరాక, 1854 జూలైలో కామన్స్ సభలో ఈ సంగతి చర్చకు వచ్చింది. మన ఏలుబడిలో ఇలాంటివా, నమ్మలేమని కంపెనీ తరఫున మాట్లాడినవాళ్ళు కొట్టిపారేశారు. అయినా విచారణ తప్పలేదు. మద్రాసు ప్రభుత్వం ముగ్గురితో కమిషన్ వేసింది. పట్నంలో మేజిస్ట్రేటుగా ఉన్న ఇలియట్, గుంటూరు కలెక్టరుగా పనిచేసిన స్టోక్స్, మద్రాసు బారిష్టరు జాన్ బ్రూస్ నార్టన్ అందులో సభ్యులు. ముగ్గురూ ఇంగ్లిష్‌వాళ్ళే.

ఫిర్యాదు ఉన్నవాళ్ళు రావచ్చు, రాలేనివాళ్ళు ఉత్తరం రాయవచ్చు అని కమిషన్ ప్రకటన ఇచ్చింది. కొద్ది నెలల్లోనే 1959 ఫిర్యాదులు అందాయి. ఆనాటి పరిస్థితిలో ఇది చిన్న సంఖ్య కాదు. రైలు లేదు. ఊరొదిలి మద్రాసు పోవడమంటే సేద్యం మానుకోవడం, దారి బత్తెం వెతుక్కోవడం. తిరిగొచ్చాక మళ్ళీ అదే కరణానికీ, అదే తాసిల్దారుకూ లోబడి బతకాలి. ఇన్ని తెలిసీ ఫిర్యాదు చేసినవాళ్ళు అంతమంది ఉన్నారంటే, నోరు మెదపక ఊళ్ళోనే ఉండిపోయినవాళ్ళు ఎంతమందో పాఠకులే ఊహించుకోవచ్చు.

నివేదికలో హింసల జాబితా ఉన్న పేరా ఒకటుంది. దాన్ని ఒక్క గుక్కలో చదవడం కష్టం. మనిషిని ఎండలో నిలబెట్టడం. తిండికీ, కాలకృత్యాలకూ పోనివ్వకపోవడం. పశువులను మేతకు వదలకుండా కట్టేయించడం. బాకీదారు ఇంటి మీద బంట్రోతును కూర్చోబెట్టి, వాడి రోజుకూలీ కూడా ఆ బాకీదారు చేతే ఇప్పించడం. మోకాళ్ళ వెనక ఇటుక ముక్కలు పెట్టి గొంతుక్కూర్చోబెట్టడం. ఇద్దరు బాకీదారుల జుట్లు కలిపి ముడేయడం. తలవెంట్రుకలను గాడిద తోకకో గేదె తోకకో కట్టడం. మెడలో ఎముకల దండ వేయడం. మనిషిని వంచి మెడనూ కాళ్ళనూ తాడుతో బిగించి గంటల కొద్దీ అలాగే ఉంచే శిక్షకు అనుందల్ అని పేరు పెట్టి మరీ రాశారు.

ఈ జాబితాలో నన్ను ఎక్కువగా కలచివేసేది బంట్రోతు కూలీ సంగతి. కొడితే గాయం మానుతుంది. శిస్తు కట్టలేనివాడి నుంచి కాపలావాడి జీతం కూడా గుంజడంలో ఉన్న క్రౌర్యం వేరు. రోజులు గడిచే కొద్దీ బాకీ పెరుగుతుందే తప్ప తరగదు. కరువు ఏడాది వచ్చిందంటే ఇక చెప్పక్కర్లేదు. 1832-33 నాటి గుంటూరు కరువులో ఆ జిల్లాలో దాదాపు 5 లక్షల జనంలో 2 లక్షల మంది పోయారని ఆనాటి లెక్కలు చెబుతాయి. ఆ విపత్తు నుంచి తేరుకున్నవాళ్ళూ, వాళ్ళ పిల్లలే ఇరవయ్యేళ్ళ తర్వాత ఈ శిస్తులు కడుతున్నది.

మరి పైవాళ్ళకు చెప్పుకోలేకపోయారా? చెప్పుకున్నారు. అక్కడే అసలు చిక్కు. 1816 రెగ్యులేషన్లతో జిల్లాలో శిస్తు వసూలు, మేజిస్ట్రేటు అధికారం, పోలీసు మూడూ కలెక్టరు చేతిలోకి వచ్చాయి. తాలూకాలో తాసిల్దారు శిస్తుకూ పెద్దే, పోలీసుకూ పెద్దే. తాసిల్దారు కొట్టించాడని రైతు కలెక్టరు కచేరీలో అర్జీ పెడితే, విచారించమంటూ అది తిరిగి ఆ తాసిల్దారు దగ్గరికే చేరేది. నేరం రుజువైనా చిన్న జరిమానాతో సరి. న్యాయం పొందడం రైతుకు ఎంత కష్టమో చూసి నిర్ఘాంతపోయామని కమిషన్ సభ్యులే ఒప్పుకున్నారు.

కానీ తీర్పు దగ్గరకొచ్చేసరికి వాళ్ళ కలం జంకింది. హింస జరుగుతున్నది నిజమే, అది నేటివ్ ఉద్యోగుల పని, ఇంగ్లిష్ అధికారులకు అందులో పాత్ర లేదు, మమ్మల్ని మా వాళ్ళ నుంచి కాపాడండి అన్నదే జనం మొర అని తేల్చారు. ఈ తీర్పు సగం నిజం. దెబ్బ కొట్టిన చెయ్యి మనవాడిదే, అది కాదనలేం. కరణాలు, తాసిల్దార్లు, బంట్రోతులు చేసిన ఘోరాన్ని దేశాభిమానం పేరుతో దాచిపెట్టకూడదు. అయితే ఫలానా గడువుకల్లా ఇంత రాబడి చేరాలని పైనుంచి ఒత్తిడి పెట్టిందెవరు? ఆ డబ్బు ఏ ఖజానాకు పోయింది? వసూలు అధికారాన్నీ పోలీసు అధికారాన్నీ ఒకే మనిషికి అప్పగించిన చట్టం ఎవరు రాశారు? జవాబులు ఆ నివేదిక పుటల్లోనే, కలెక్టర్లూ న్యాయాధికారులూ మిషనరీలూ పంపిన ఉత్తరాల్లో ఉన్నాయి. ముగింపు పేరాలు రాసినవాళ్ళు ఆ జవాబులను పైకి రానివ్వలేదు. 1857 తిరుగుబాటు నడుస్తున్న రోజుల్లో కార్ల్ మార్క్స్ న్యూయార్క్ డైలీ ట్రిబ్యూన్‌లో ఈ నివేదిక గురించి రాస్తూ సరిగ్గా ఈ లొసుగునే ఎత్తిచూపాడు.

సర్కారు రికార్డు చదవడంలో మెలకువ ఇక్కడే కావాలి. అది పాలకుడు తన అవసరానికి రాయించుకున్న కాగితం. రైతు తెలుగులో చెప్పింది దుబాసీ ఇంగ్లిష్‌లోకి మార్చాడు, గుమాస్తా కుదించాడు, అధికారి ముగింపు రాశాడు. ఇన్ని చేతులు మారినా రైతు గొంతు అందులో పూర్తిగా నలిగిపోలేదు. పట్టించుకుని చదివితే వినిపిస్తుంది. తీర్పు ఒక్కటే చదివి ఫైలు మూసేస్తే అధికారి మాటే చరిత్రగా మిగులుతుంది.

నివేదిక ఫలితం కొంత కనిపించింది. 1859లో 24వ చట్టంతో మద్రాసు పోలీసును రెవెన్యూ నుంచి వేరుచేసి ఇన్‌స్పెక్టర్ జనరల్ కింద పెట్టారు. 1861 నాటి అఖిల భారత పోలీసు చట్టానికి అదే దారి చూపింది. పోలీసుల ముందు ఇచ్చిన నేరాంగీకారం కోర్టులో చెల్లదన్న నియమం కూడా ఆ 1861లోనే చట్టంలోకి ఎక్కింది. తర్వాత సాక్ష్య చట్టంలో 25వ సెక్షన్ అయింది. ఇప్పటి భారతీయ సాక్ష్య అధినియమంలోనూ అది నిలిచే ఉంది. లాకప్పులో ఒప్పించిన నేరం చెల్లదని ఇవాళ కోర్టులో వాదించే ప్రతి వకీలూ ఆ 1959 మందికి ఎంతో కొంత రుణపడి ఉన్నట్టే.

లక్ష్మీనర్సు శెట్టికి తర్వాత బిరుదూ, శాసనమండలి సభ్యత్వమూ దక్కాయి. పత్రికకూ ప్రజల పనికీ ఆస్తి కరిగిపోయి 1868లో బీదగా కన్నుమూశాడు.

ఆనాటి కాగితాలు నేటికీ ఉన్నాయి. మద్రాసు ప్రభుత్వ రికార్డులు ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. ఆ భవనం 1909 నాటిది. గోదావరి, కృష్ణా, గుంటూరు వంటి మన జిల్లాల పాత కలెక్టరేటు సంపుటాలు హైదరాబాద్ తార్నాకలోని స్టేట్ ఆర్కైవ్స్‌కు చేరాయి. పెళుసెక్కిన కాగితం ఎక్కువ కాలం ఆగదు. కంపెనీ కాలపు చేతిరాతలు చదవగలిగేవాళ్ళూ తగ్గిపోతున్నారు. తెలుగు విశ్వవిద్యాలయాల చరిత్ర శాఖలు కలిసి టార్చర్ కమిషన్ నివేదికలోని తెలుగు జిల్లాల సాక్ష్యాలను ముందుగా తెలుగులోకి తేవాలి. ఏ ఊరి రైతు ఏం చెప్పుకున్నాడో ఆ ఊరివాళ్ళు తమ భాషలో చదువుకునే వీలు రెండు రాష్ట్రాల ప్రభుత్వాలూ కల్పించాలి. నూట డెబ్బై ఏళ్ళు ఆలస్యమైంది. ఇక వాయిదా వేయొద్దు.