బాటకు తగిన బండి
(సూరతు ప్రాంతపు డీజిల్ రైళ్ల చరిత్రనుండి ఒక పాఠము)

"గంతకు తగిన బొంత" అను సామెతను మనవారు సాధారణముగా పరిహాసమునకే వాడుదురు. కాని అందు పరిహాసమును మించిన వివేకము కలదు. ఇరువది యేండ్లుగా సచివాలయమున దస్త్రములు చూచుచున్న నావంటివానికి "అనుకూలము" అను పదముకంటె పరిచితమైనది మరొకటి లేదు. యంత్రము కొనవలె నన్నను, భవనము అద్దెకు తీసికొనవలె నన్నను, చివరకు కాగితముపై ఆ మాట పడవలసినదే. అయితే దేనికి అనుకూలము? ఎవరికి అనుకూలము? ఈ రెండు ప్రశ్నలు దస్త్రములలో అరుదుగా కానవచ్చును. సూరతు చుట్టుపట్ల నడచిన కొన్ని రైళ్ల చరిత్ర ఈ ప్రశ్నలకు చక్కని సమాధానము చెప్పినది. నేను ఇంజనీరును గాను, చరిత్ర చదువుకొన్న పట్టభద్రుడను మాత్రమే. కావున యంత్రముల లోతులు నిపుణులకు వదలి, కథను మాత్రము విన్నవించెదను.

సూరతు మన తెలుగువారికి క్రొత్త ఊరు కాదు. ఇంగ్లీషు వర్తకులు 1611లో మన మచిలీపట్టణమున వ్యాపార మారంభించిన ఒకటి రెండేండ్లకే తపతీ తీరమున సూరతులోను కొఠీ నెలకొల్పుకొనిరి. ఇటీవలి కాలమున తెలంగాణమునుండి మగ్గముల పనికై వెడలిన పద్మశాలి కుటుంబము లనేకము అచ్చటి లింబాయత్, ఉధ్నా ప్రాంతములలో స్థిరపడినవి. రైలు చరిత్రలోను ఆ నగరమున కొక పెద్దరికము కలదు. 1855లో ఏర్పడిన బొంబాయి–బరోడా–సెంట్రల్ ఇండియా రైల్వే కంపెనీ తన ముఖ్యకార్యాలయమును తొలుత సూరతులోనే ఉంచుకొనెను. 1860లో అంకలేశ్వరమునుండి తపతికి ఉత్తరపు గట్టున నున్న ఉత్రాణ్ వరకును, ఆ యేటనే నదిని దాటి సూరతు వరకును బండ్లు నడచెను. 1864లో ఆ బాట బొంబాయిని చేరెను.

ఇది మొదటి బాట. రెండవది తపతీ లోయ బాట. 1899, 1900 సంవత్సరములలో కిల్లిక్ నిక్సన్ వారి యాజమాన్యమున సూరతునుండి నందుర్‌బార్ మీదుగా అమల్నేరు వరకు వేయబడి, జలగాం వైపు పోవు బాటతో కలిసెను. ఈ రెండును బ్రాడ్ గేజి బాటలు, అనగా పట్టాల నడుమ ఎడము 1,676 మిల్లీమీటర్లు. మూడవ తరగతి బాటలు బరోడా గైక్వాడు మహారాజుల సంస్థానమువారు వేయించిన చిన్నవి. సూరతునకు ఉత్తరమున కోసంబానుండి ఉమర్పాడా వైపును, దక్షిణమున బిలిమోరానుండి డాంగు అడవుల అంచున నున్న వఘాయి వరకును సాగిన ఈ నారో గేజి బాటలలో పట్టాల నడుమ ఎడము 762 మిల్లీమీటర్లే. ఇట్లు ఒక్క నగరము చుట్టును మూడు స్వభావములు గల మూడు బాటలు ఏర్పడినవి. ఒకదానికి తగిన బండి మరొకదానికి తగదు.

ఈ సత్యమును గైక్వాడు సంస్థానమువారు ఆదియందే అనుభవమున తెలిసికొనిరి. సూరతునుండి బరోడాకు పోవు దారిలో మియాగాం అను స్టేషను కలదు. అచ్చటినుండి డభోయి పట్టణమునకు సుమారు ఇరువది మైళ్ల చిన్న బాటను 1862లో వేయించిరి. మన దేశమున నారో గేజికి ఇదియే నాంది. పట్టాలు గజమునకు పదమూడు పౌనుల బరువు మాత్రమే గలవి. 1863లో గ్లాస్గో నగరపు నీల్సన్ కంపెనీనుండి ఆవిరి యింజనులు వచ్చినవి. ఇంజనులు మంచివే, బాటయు మంచిదే. కాని ఆ సన్నని పట్టాలు ఇంజనుల బరువును నిత్యము మోయజాలకపోయినవి. చేయునది లేక బండ్లకు ఎద్దులను కట్టిరి! పట్టాలపై ఎద్దుబండి నడచినదన్నచో నేడు మనకు నవ్వు వచ్చును. కాని ఆనాటి అధికారులు తమ తప్పును కప్పిపుచ్చుకొనక, బాట మోయగలిగిన శక్తినే వాడుకొనిరి. 1873లో బరువైన పట్టాలు వేసిన పిమ్మటనే ఆవిరి యింజను అచ్చట క్రమముగా నడచెను. ఇంజనును ఎన్నుకొనునది మనము కాము, బాటయే ఎన్నుకొనును. ఇది మొదటి పాఠము.

ఇక డీజిల్ సంగతి. ఆవిరి యింజను తాను కాల్చిన బొగ్గులోని వేడిమిలో నూటికి పది పాళ్లనైనను చక్రములకు చేర్చలేదు. డీజిల్ ఇంజను అంతకు మూడు రెట్లు చేర్చగలదు. పైగా దానికి దారిపొడుగున నీళ్ల తొట్లు అక్కరలేదు. గైక్వాడు రైల్వే 1949లో పెద్ద కంపెనీలో కలిసెను. 1951లో ఆ కంపెనీయు, సౌరాష్ట్ర, రాజపుటానా రైల్వేలు మొదలైనవియు కలిసి పశ్చిమ రైల్వేగా రూపొందెను. ఆ పశ్చిమ రైల్వేలోనే 1955 ప్రాంతమున డీజిల్ ఇంజనులు ప్రయాణపు బాటలపై కుదురుగా కాలూనినవి. ఎచ్చట? రద్దీ గల బొంబాయి–సూరతు బాటపై కాదు. దూరమున కచ్ఛ్ దేశపు గాంధీధామమున, మీటరు గేజి బాటపై. బ్రిటనులోని నార్త్ బ్రిటిష్ కంపెనీ చేసిన వై.డి.ఎం.–1 ఇంజనులు ఇరువది అచ్చటికి చేరెను. కారణము సులభము. ఆ యెడారి సీమలో త్రాగుటకే నీరు కరవు. ఆవిరి యింజను దప్పి తీర్చు టెట్లు? కండ్లా రేవునుండి సరకు కదలవలెను. అందుచే నీరు కోరని ఇంజనును అచ్చటికే పంపిరి. క్రొత్త వస్తువును గొప్పవారి బాటకు గాక, అవసరము గల బాటకు మొదట ఇచ్చిన ఆ నిర్ణయము నేటికిని మెచ్చదగినది.

పెద్ద బాటల వంతు పిమ్మట వచ్చెను. 1962లో అమెరికాలోని ఆల్కో కంపెనీనుండి డబ్ల్యు.డి.ఎం.–2 అను ఇంజనులు దిగుమతి యైనవి. 1964 జనవరినుండి వారణాసిలోని మన కర్మాగారముననే వానిని తయారుచేయ నారంభించిరి. శక్తి 2,600 అశ్వశక్తులు. బరువు సుమారు 112.8 టన్నులు. ఆరు ఇరుసులు గలది కావున ఒక్కొక్క ఇరుసు పట్టాలపై మోపు భారము 18.8 టన్నులు. దశాబ్దముల తరబడి దేశమంతటను ప్రయాణపు బండ్లను, సరకుల బండ్లను లాగినది ఈ జాతి ఇంజనే. 1970 దశకము నడుమ బొంబాయి–సూరతు బాట విద్యుత్తునకు మారెను. తపతీ లోయ బాట మాత్రము 2010 దశకము వరకు డీజిల్ నీడననే ఉండెను. పిమ్మట అచ్చటను రెండవ లైనును, విద్యుత్తును వచ్చినవి.

ఈ తపతీ బాటతో మనవారికి సంబంధము మెండు. అహమ్మదాబాదునుండి చెన్నపట్టణమునకు పోవు నవజీవన్ ఎక్స్‌ప్రెస్ సూరతు దాటి, ఈ బాటనే పట్టి, నందుర్‌బార్, జలగాం, భుసావళ్ మీదుగా వరంగల్లు, విజయవాడ చేరును. ఒకమారు కచ్చేరీ పనిపై సూరతు పోయినపుడు ఉధ్నాలో ఒక వృద్ధ పద్మశాలితో ఈ ఇంజనుల మార్పు ప్రస్తావించితిని. ఆయన నవ్వి, "సారూ, డీజిలా కరెంటా మాకేమెరుక? కూసునేటందుకు జాగ దొరికి, ఓరుగల్లుల దింపితే చాలు" అనెను. "ఎవరికి అనుకూలము?" అను ప్రశ్నకు ఇంతకంటె సూటియైన సమాధానము నేను ఏ దస్త్రమునను చదువలేదు.

ఆ మరునాడు ఆదివారము. సెలవు కదా యని బిలిమోరా వెళ్లి వఘాయి బండి ఎక్కితిని. 1913లో ఆరంభమైన ఆ బాట పొడవు 63 కిలోమీటర్లు. మామిడి, సపోటా తోటల నడుమ గండేవి దాటి, వేడినీటి ఊటలకు పేరుపొందిన ఉనాయి మీదుగా, టేకు అడవుల అంచునకు చేరుటకు మూడు గంటలకు పైగా పట్టినది. బుట్టలతో ఎక్కిన స్త్రీలు, ఊరికొకరు దిగుచుండిరి. ఒకప్పుడు డాంగు అడవుల కలపను మోయుటకు ప్రయోజనపడిన బండి, ఇప్పుడు ఆ అడవిబిడ్డలను మోయుచున్నది.

దానిని లాగుటకు ఎన్నుకొన్నది జెడ్.డి.ఎం.–5 అను చిన్న డీజిల్ ఇంజను. 1980 దశకపు చివర చిత్తరంజన్ కర్మాగారమున తయారైనది. శక్తి 450 అశ్వశక్తులు మాత్రమే. బరువు 22 టన్నులు, ఇరుసులు నాలుగు, ఒక్కొక్క ఇరుసు భారము 5.5 టన్నులు. పెద్ద ఇంజనుతో పోల్చిన ఇరుసు భారము మూడవవంతుకంటె తక్కువ. డభోయి ఎద్దులు నేర్పిన పాఠమునే చిత్తరంజన్ ఇంజనీర్లు అంకెలలో వ్రాసిరన్నమాట! బాటను బద్దలుకొట్టి ఇంజనుకు తగినట్లు చేయుట యొక పద్ధతి. బాటకు తగినట్లు ఇంజనును చేయుట మరియొక పద్ధతి. పేదల బాటపై రెండవదే సాధ్యము, ఏలనన మొదటిదానికి కావలసిన ధనము వారి పేర ఎవరును మంజూరు చేయరు.

నిపుణులు చెప్పినదానినిబట్టి నాకు అర్థమైనంతలో, చిన్న బాటకు డీజిల్ బండి నెన్నుకొనునపుడు అడుగవలసిన ప్రశ్నలు ఇవి. పట్టాలును వంతెనలును ఎంత బరువు మోయగలవు? ఎక్కుడును మలుపులును ఎట్టివి? ఎక్కువా రెందరు, ఎంతెంత దూరమున దిగుదురు? స్టేషనులు దగ్గర దగ్గరగా నున్నచో, మహావేగముకంటె త్వరగా కదలుటయు త్వరగా ఆగుటయు ముఖ్యము. చివరి స్టేషనులో ఇంజనును విప్పి, రెండవ కొనకు త్రిప్పి తగిలించు వసతి కలదా? లేనిచో రెండు కొనలను డ్రైవరు గది గల బండి మేలు. 1990 దశకమునుండి పెరంబూరు కోచ్ ఫ్యాక్టరీ చేసిన "డెమూ" బండ్లు ఈ కోవకు చెందినవే. చివరి ప్రశ్న అన్నిటికంటె ముఖ్యము: చెడినపుడు బాగుచేయు షెడ్డు ఎంత దూరము, విడిభాగములు దొరకునా? తన జాతివారు పదిమంది లేని ఇంజను అనాథవంటిది. ఎంత మంచిదైనను ఒక చిన్న భాగము దొరకక షెడ్డులోనే కన్ను మూయును.

మన తెలుగునాటను దీనికి రెండు కొసలలో రెండు ఉదాహరణములు కలవు. విశాఖ ప్రాంతమున కొత్తవలసనుండి కిరందుల్ వరకు 1960 దశకమున వేసిన ఇనుప ఖనిజపు బాట, తూర్పు కనుమలలో సుమారు వేయి మీటర్ల ఎత్తు ఎక్కును. అచ్చట భారీ డీజిల్ ఇంజనులను జోడించి నడపిరి, 1980 దశకపు మొదట విద్యుత్తు తెచ్చిరి. అది ఖనిజమునకు తగిన బండి. రెండవది కాకినాడ–కోటిపల్లి బాట. 1928లో ఏర్పడిన ఆ 45 కిలోమీటర్ల బాట పట్టాలను 1940లో యుద్ధావసరములకై ఊడదీసికొని పోయిరి. కోనసీమ ముంగిటికి మరల రైలు రావలెనన్న 2004 వరకు ఆగవలసి వచ్చెను. ఆ పిమ్మట రామచంద్రపురము, ద్రాక్షారామముల మీదుగా గౌతమీ తీరమునకు ఆ బాటపై నడచినది ఒంటిపెట్టె రైలుబస్సు. కొందరు దానిని చూచి నవ్విరి. కాని అరువది యేండ్లకు పైగా పట్టాలే లేని ఊళ్లకు ఆ ఒంటిపెట్టెయే మహాభాగ్యము. దొరకని పెద్ద బండికంటె దొరికిన చిన్న బండియే అనుకూలము.

వఘాయి బండికిని ఇట్టి గండమే వచ్చెను. 2020 మార్చిలో కోవిడ్ మూలమున అది ఆగిపోయెను. ఆ యేడు డిసెంబరులో ఆదాయము లేని శాఖామార్గములను మూసివేయు ప్రతిపాదనలో దాని పేరును చేరెను. విచిత్రమేమనగా, రెండేండ్లకు ముందే, 2018లో, చారిత్రక సంపదగా కాపాడదలచిన ఐదు నారో గేజి బాటలలో అదియు ఒకటి! ఒక కాగితమున సంపద, మరియొక కాగితమున భారము. రెండు కాగితములును నిజమే చెప్పుచుండవచ్చును. టిక్కెట్ల రాబడితో ఖర్చు రాదన్నది నిజము. నూరేండ్ల బాట ఒకసారి ఊడినచో మరల పుట్టదన్నదియు నిజము. ప్రజలు ఊరకుండలేదు, విన్నపములు చేసికొనిరి. చివరకు 2021 సెప్టెంబరు 4వ తేదీన ఆ బండి మరల కదలెను. యాత్రికులకై ఒక చల్లని పెట్టెను కూడ తగిలించిరి.

ఆ చల్లని పెట్టెను నేను ఆక్షేపింపను. దానివలన బాట బ్రతికినచో మంచిదే. అయితే అడవిని చూడవచ్చిన వానికి ఆ బండి లేకున్నను మరొక వినోదము దొరకును. బుట్టతో ఎక్కు తల్లికి ఆ బండియే దారి. అనుకూలతను తూచు త్రాసులో ఆమె బుట్టను కూడ ఉంచవలెను.

మన సంఘ సభ్యులలో అనేకులము ఏదో యొక దస్త్రముపై ఏదో యొకనాడు "అనుకూలము" అనియో "అననుకూలము" అనియో వ్రాయువారమే. ఆ మాట వ్రాయుటకు క్షణము పట్టును. కోటిపల్లికి పట్టాలు తిరిగి వచ్చుటకు అరువదినాలుగేండ్లు పట్టినది. కలము ఎత్తునపుడు ఈ రెండు కాలములను ఒక్కసారి పోల్చుకొన్నచో చాలును. డభోయి ఎద్దులు నూటయరువది యేండ్ల నాడు మనకు చెప్పిపోయినది ఇదియే: ముందు బాటను చూడుడు, బాటపై నడచువారిని చూడుడు, పిమ్మటనే బండిని ఎన్నుకొనుడు.