యతీమ్‌ఖానా నుంచి మైదాన్‌కి: వాల్టర్ టల్ దాస్తాన్

1909 అక్టోబర్‌లో బ్రిస్టల్ మైదాన్‌లో ఏం జరిగిందో చెప్పాలంటే ముందు ఓ వడ్రంగి ఖాందాన్ గురించి చెప్పాలి. కరీబియన్ ప్రాంతంలో బార్బడోస్ అనే చిన్న దీవి ఉంది. అక్కడ గులామీ అనుభవించిన మనిషి కొడుకు డేనియల్ టల్. వడ్రంగం నేర్చుకుని ఇంగ్లండ్ చేరాడు. ఫోక్‌స్టన్ అనే రేవు ఊళ్లో ఆలిస్ పామర్ అనే తెల్లమ్మాయిని షాదీ చేసుకున్నాడు. వాళ్ల కొడుకే వాల్టర్. పుట్టింది 1888లో.

ఏడేళ్లకే అమ్మ పోయింది. తొమ్మిదేళ్లకు బాప్ కూడా పోయాడు. ఇంటినిండా పిల్లలు, సంపాదించే చెయ్యి లేదు. సవతి తల్లి వాల్టర్‌నీ, వాడి అన్న ఎడ్వర్డ్‌నీ లండన్‌లో మెథడిస్టు చర్చివాళ్లు నడిపే యతీమ్‌ఖానాలో చేర్పించింది. ఆమెను తప్పుపట్టడానికి నాకు మనసొప్పదు. గరీబీలో అమ్మలు తీసుకునే ఫైసలాలు బయటివాళ్లకు అర్థం కావు. కొన్నాళ్లకు ఎడ్వర్డ్‌ను గ్లాస్గోలో ఒక దంతవైద్యుడి కుటుంబం పెంచుకోవడానికి తీసుకెళ్లింది. అన్నదమ్ములు విడిపోయారు. అన్న చదువుకుని దంతవైద్యుడయ్యాడు. తమ్ముడు యతీమ్‌ఖానాలోనే ఉండి ప్రెస్సు పని నేర్చుకున్నాడు, బంతి తన్నడం కూడా అక్కడే నేర్చుకున్నాడు.

జీతం లేకుండా ఆడే క్లాప్టన్ జట్టులో చేరి ఒక్క సీజన్‌లోనే అమెచ్యూర్ కప్పు గెలిచిన జట్టులో భాగమయ్యాడు. 1909లో టాటెన్‌హామ్ క్లబ్బు పిలిచింది. సంతకం చేసినందుకు 10 పౌండ్లు, వారానికి 4 పౌండ్ల తన్‌ఖా. ఎంత ఉస్తాద్ అయినా అంతకు మించి ఇవ్వకూడదని ఆ జమానాలో ఖాయిదా. పైగా క్లబ్బు ఇజాజత్ లేకుండా మరో క్లబ్బుకు పోయే హక్కు కూడా ఆటగాడికి లేదు. ఇవాళ్టి కోట్ల బేరాలు చూస్తున్న మనకు ఇది వింతగా ఉంటుంది.

ఇక బ్రిస్టల్. టల్ కాలికి బంతి తగిలినప్పుడల్లా జనంలోంచి గాలీలు. అతని చర్మం రంగు మీద, నోటితో చెప్పలేని మాటలు. అక్కడున్న ఒక పత్రికా విలేకరి సిగ్గుపడి రాశాడు: మైదాన్‌లో ఆ రోజు అందరికంటే బాగా ఆడిన ఫార్వర్డ్ టల్ అని, ఆటలోనూ మనసులోనూ శుభ్రమైనవాడని. ఆ తర్వాత కొద్ది రోజులకే టల్‌ను రిజర్వు జట్టులోకి నెట్టారు. మొదటి డివిజన్‌లో మొత్తం 10 మ్యాచ్‌లు, 2 గోల్స్, అంతే. ఆట తగ్గిందనేవాళ్లు అనొచ్చు గానీ, నా షక్ మాత్రం వేరే. గాలీలు తిట్టినవాళ్లు గ్యాలరీలోనే ఉన్నారు, తిన్నవాడు బయటికి పోయాడు.

1911లో నార్తాంప్టన్ జట్టు మేనేజర్ హెర్బర్ట్ చాప్‌మన్ అతన్ని తీసుకున్నాడు. తర్వాతి కాలంలో ఆర్సెనల్‌ను నిలబెట్టిన చాప్‌మన్ ఇతనే. మనిషి విలువ తెలిసినవాడి దగ్గర టల్ వందకు పైగా మ్యాచ్‌లు ఆడాడు.

ఇంతలో జంగ్ వచ్చింది. 1914 డిసెంబర్‌లో ఫుట్‌బాల్ ఆటగాళ్లతో కట్టిన మిడిల్‌సెక్స్ 17వ బెటాలియన్‌లో భర్తీ అయ్యాడు. 1916లో ఫ్రాన్స్ కందకాల్లో దిమాగ్ దెబ్బతిని ఆసుపత్రి పాలయ్యాడు. కోలుకుని, మళ్లీ సోమ్ యుద్ధానికి వెళ్లాడు. పూర్తిగా యూరప్ రక్తం కానివాడికి ఆఫీసర్ హోదా ఇవ్వొద్దని ఫౌజీ ఖాయిదాలు అంటున్నా, 1917 మేలో సెకండ్ లెఫ్టినెంట్ చేశారు. బ్రిటిష్ సైన్యంలో తెల్ల సిపాయిలను నడిపించిన తొలి నల్లజాతి ఆఫీసర్లలో ఒకడు. ఇటలీలో పియావే నది దాటి దాడి చేసి, తన మనుషులందరినీ క్షేమంగా వాపస్ తెచ్చాడని జనరల్ లాఫర్డ్ అతని హిమ్మత్‌ను రాతపూర్వకంగా మెచ్చుకున్నాడు.

1918 మార్చి 25న ఫ్రాన్స్‌లో జర్మన్ల తూటా తగిలింది. వయసు 29. లెస్టర్ ఊరి గోల్‌కీపర్ టామ్ బిల్లింగ్‌హామ్ అప్పుడు అక్కడ సిపాయి. తూటాల మధ్యే టల్‌ను వెనక్కి ఈడ్చుకు రావాలని చూశాడు. కుదరలేదు. మయ్యత్ దొరకలేదు, ఖబర్ లేదు. అరాస్‌లోని స్మారక గోడ మీద వేలాది పేర్ల మధ్య అతని పేరు ఉంది. నార్తాంప్టన్‌లో స్టేడియానికి వెళ్లే దారిని ఇప్పుడు వాల్టర్ టల్ వే అని పిలుస్తారు.