సీజన్ టికెట్: కొనేది ఆటనా, కుర్చీనా?

మా పిన్ని కొడుకు ఇంగ్లండులో లీడ్స్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. మొన్న ఆదివారం ఫోన్ చేసి, "అన్నయ్యా, లీడ్స్ యునైటెడ్ సీజన్ టికెట్ వెయిటింగ్ లిస్టులో నా పేరు వచ్చింది. వారంలో చెప్పాలట. కొనొచ్చంటావా, డబ్బు దండగా?" అని అడిగాడు. మనది అసలే సాఫ్ట్‌వేర్ బుర్ర కదా, వెంటనే ఎక్సెల్ తెరిచాను. అరగంటలో లెక్క తేలింది గానీ జవాబు తేలలేదు. ఎందుకు తేలలేదా అని తవ్వుకుంటూ పోతే చరిత్రలోకి వెళ్ళాల్సొచ్చింది. ఆ తవ్వకమే ఈ టపా.

ముందు లెక్క చూద్దాం. ప్రీమియర్ లీగులో 20 జట్లు. ఒక్కో జట్టూ సొంత మైదానంలో ఆడే లీగు మ్యాచ్‌లు 19. సీజన్ టికెట్ ధర, విడిగా కొంటే 14 మ్యాచ్‌లకయ్యే ఖర్చుతో సమానం అనుకోండి. అయిదు మ్యాచ్‌ల వరకూ ఎగ్గొట్టినా నష్టం లేదు, ఆరోది ఎగ్గొడితే నష్టమే. మావాడేమో ప్రతి డిసెంబరులో మూడు వారాలు ఇంటికొస్తాడు. ఇంగ్లీషు ఫుట్‌బాల్లో మ్యాచ్‌లు వరసపెట్టి జరిగేది సరిగ్గా ఆ క్రిస్మస్ రోజుల్లోనే. జలుబు, ఆఫీసు రిలీజు, ఎవరి పెళ్ళో... ఇవన్నీ కలిపితే ఆరు దాటడం ఎంతసేపు? లెక్క ప్రకారం "వద్దు" అనే రావాలి. మరి వెయిటింగ్ లిస్టులో అన్ని వేలమంది ఎందుకున్నట్టు? వాళ్ళందరికీ కూడికలు రావా?

కాస్త వెనక్కి వెళ్దాం. 1850 ఫ్యాక్టరీ చట్టం వల్ల ఇంగ్లండు బట్టల మిల్లుల్లో శనివారం పని మధ్యాహ్నం రెండింటికల్లా ఆపెయ్యడం మొదలైంది. ఆ శనివారం మధ్యాహ్నమే ఫుట్‌బాల్‌కి పుట్టినిల్లు అనొచ్చు. మూడింటికి మ్యాచ్ అనే అలవాటు అలా వచ్చిందే. 1888లో పన్నెండు క్లబ్బులతో ఫుట్‌బాల్ లీగ్ పెట్టారు. 1890లో ప్రవేశానికి కనీస ధర ఆరు పెన్నీలని నిర్ణయించారు. అప్పట్లో పౌండుకి 240 పెన్నీలు కాబట్టి, పౌండులో నలభయ్యో వంతన్నమాట.

కార్మికుడికి జీతం వారం వారం వచ్చేది. శనివారం గేటు దగ్గర చిల్లర ఇచ్చి, ఇనప చక్రం తిప్పుకుంటూ లోపలికెళ్ళి, మట్టిగట్ల మీదో సిమెంటు మెట్ల మీదో నిలబడి చూసేవాడు. ఏడాది మొత్తానికి ఒకేసారి కట్టడమంటే చేతిలో నిలవ సొమ్ము ఉన్నవాడి పని. అందుకే సీజన్ టికెట్ అనేది చాలాకాలం పైకప్పు కింద కూర్చుని చూసే షాపు యజమానులకీ, గుమాస్తాలకీ, ఊరి పెద్దమనుషులకీ సంబంధించిన వ్యవహారంగానే ఉండేది. రైలు సీజన్ పాసు సంగతి మనకి తెలిసిందే కదా, రోజూ వెళ్ళేవాడికి లాభం. అయితే నెల మొదట్లో అంత డబ్బు తియ్యగలిగినవాడికే ఆ లాభం.

1948–49లో లీగు మ్యాచ్‌లకి వచ్చినవాళ్ళ సంఖ్య 4 కోట్ల 12 లక్షలు. యుద్ధం అయిపోయింది, ఇంట్లో టీవీ లేదు, వేరే వినోదం తక్కువ. అక్కణ్ణుంచి తగ్గుతూ తగ్గుతూ 1985–86కి కోటీ 65 లక్షల దగ్గరకొచ్చింది. గొడవలు, పాతబడ్డ మైదానాలు, పట్టించుకోని యాజమాన్యాలు. 1985 మే 11న బ్రాడ్‌ఫర్డ్‌లో చెక్క స్టాండు తగలబడి 56 మంది చనిపోయారు. లీడ్స్‌కి పక్క ఊరే అది.

ఆ తర్వాత 1989 ఏప్రిల్ 15. షెఫీల్డ్‌లో హిల్స్‌బరో మైదానం, లివర్‌పూల్, నాటింగ్‌హామ్ ఫారెస్ట్ జట్ల మధ్య ఎఫ్.ఏ. కప్ సెమీఫైనల్. కంచెలు కట్టిన నిలబడే గ్యాలరీలోకి పట్టనంతమందిని పంపారు. అక్కడ నలిగి, ఆ గాయాలతో తర్వాత కన్నుమూసినవాళ్ళతో కలిపి, 97 మంది ప్రాణాలు పోయాయి. చివరి వ్యక్తి 2021లో పోయారు. తప్పు అభిమానులదేనని ఏళ్ళ తరబడి నింద మోపారు. అది అబద్ధమని 2016లో న్యాయవిచారణ తేల్చింది.

సీజన్ టికెట్ కథ మలుపు తిరిగింది ఇక్కడే. న్యాయమూర్తి టేలర్ 1990 జనవరిలో ఇచ్చిన తుది నివేదికలో పెద్ద మైదానాల్లో అందరికీ కుర్చీలు ఉండాలన్నారు. పై రెండు డివిజన్లూ 1994 ఆగస్టు కల్లా ఆ పని చెయ్యాలి. కుర్చీలు పెట్టినంత మాత్రాన ధర విపరీతంగా పెరగక్కర్లేదని కూడా ఆయన రాశారు. గ్లాస్గోలోని ఐబ్రాక్స్ మైదానంలో కుర్చీ ఆరు పౌండ్లు, నిలబడితే నాలుగు పౌండ్లు అని ఉదాహరణ కూడా చూపించారు. నివేదికలో కుర్చీల మాట అందరూ విన్నారు, ధర మాట ఎవరూ వినలేదు. మన కమిటీ రిపోర్టుల్లాగే అనుకోండి.

కుర్చీ వచ్చాక ఏం జరిగిందో చూడండి. నలుగురు నిలబడే చోట ఇద్దరో ముగ్గురో కూర్చుంటారు, అంటే సరుకు తగ్గింది. 1992లో ప్రీమియర్ లీగ్ మొదలై టీవీ డబ్బులు వచ్చి పడ్డాయి, అంటే గిరాకీ పెరిగింది. పైగా కుర్చీకి ఒక నంబరుంటుంది. నంబరున్న వస్తువుని ఏడాదికి ఒకరి పేరున రాసివ్వడం తేలిక. అలా అప్పటిదాకా కొందరిదైన సీజన్ టికెట్ పెద్ద క్లబ్బుల్లో అసలు ప్రవేశమార్గమే అయిపోయింది. గేటు దగ్గర చిల్లర ఇచ్చి లోపలికెళ్ళే రోజులు పోయాయి. పదహారేళ్ళ కుర్రాడు పొద్దున్నే అనుకుని మధ్యాహ్నం స్నేహితులతో మ్యాచ్‌కి వెళ్ళిపోవడం కూడా వాటితోనే పోయింది.

ఇంకో తమాషా ఉంది. 1991 ప్రాంతంలో ఆర్సెనల్, వెస్ట్‌హామ్ క్లబ్బులు కొత్త స్టాండ్ల ఖర్చు రాబట్టడానికి "బాండ్లు" అమ్మజూపాయి. ముందు బాండు కొంటే సీజన్ టికెట్ కొనుక్కునే హక్కు వస్తుందట! అంటే టికెట్ కొనడానికి టికెట్. వెస్ట్‌హామ్ అభిమానులు గొడవ గొడవ చేశారు. ఆర్సెనల్ వాళ్ళు 1992–93లో నార్త్ బ్యాంక్ స్టాండు పడగొట్టి కడుతూ, గోలు వెనక ఖాళీ కనబడకుండా వేలమంది ప్రేక్షకుల బొమ్మ వేసిన తెర కట్టారు. మొదట వేసిన ఆ బొమ్మలో నల్లవాళ్ళ ముఖం ఒక్కటీ లేదని విమర్శలొస్తే మళ్ళీ దిద్దారు. మైదానంలో ఎవరుండాలని కోరుకుంటున్నారో ఆ తెరే చెప్పేసిందని నాకనిపిస్తుంది.

ధరలు పెరుగుతూనే పోయాయి. 2016 ఫిబ్రవరిలో లివర్‌పూల్ యాజమాన్యం కొత్త స్టాండులో కొన్ని టికెట్లు 77 పౌండ్లనీ, అత్యధిక సీజన్ టికెట్ ధర 869 నుంచి 1,029 పౌండ్లకి పెంచుతామనీ ప్రకటించింది. ఫిబ్రవరి 6న సండర్‌లాండ్‌తో మ్యాచ్‌లో సరిగ్గా 77వ నిమిషానికి సుమారు పదివేలమంది లేచి బయటికి నడిచారు. అప్పటికి లివర్‌పూల్ 2–0తో ముందుంది. వీళ్ళు వెళ్ళిపోయాక స్కోరు 2–2 అయింది! నాలుగు రోజుల్లో యజమానులు క్షమాపణ చెప్పి పెంపు వెనక్కి తీసుకున్నారు. 2016–17 నుంచి ప్రీమియర్ లీగ్ క్లబ్బులన్నీ పరాయి జట్టు అభిమానులకి టికెట్ 30 పౌండ్లు దాటకూడదని ఒప్పుకున్నాయి. ముందే డబ్బు కట్టేసినవాళ్ళు కూడా లేచి వెళ్ళారంటే, వాళ్ళు కొన్నది ఆ రోజు ఆట ఒక్కటే కాదన్నమాట.

ఇప్పుడు క్లబ్బు వైపునుంచి చూడండి. సీజన్ టికెట్ అంటే వేసవిలో, ఒక్క బంతీ తన్నకముందే, అభిమాని ఇచ్చే వడ్డీలేని అప్పు. జట్టు బాగా ఆడకపోతే ఆ రిస్కు మొత్తం అభిమానిదే. లెస్టర్ సంగతి తీసుకోండి. 2014 క్రిస్మస్ నాటికి పట్టికలో అట్టడుగున ఉంది, చివరి తొమ్మిది మ్యాచ్‌ల్లో ఏడు గెలిచి ఎలాగో గట్టెక్కింది. ఆ వేసవిలో సీజన్ టికెట్ కొన్నవాడు ఏమాశించి కొని ఉంటాడు? మళ్ళీ కిందకి పడిపోకపోతే చాలని. 2015–16లో ఆ జట్టు, పందెం కంపెనీలు 5000కి 1 ఇచ్చిన జట్టు, ఛాంపియన్ అయింది. సొంత మైదానంలో లీగు మ్యాచ్‌ల్లో ఏడాది మొత్తమ్మీద ఓడింది ఒక్కసారే. అంతకన్నా చవక బేరం ఫుట్‌బాల్ చరిత్రలో ఉంటుందని నేననుకోను.

మావాడి లీడ్స్ కథ దీనికి సరిగ్గా తలకిందులు. 2004లో పై డివిజన్ నుంచి పడిపోయారు. 2007లో మూడో అంతస్తుకి జారారు. అలా పదహారేళ్ళు. సీజన్ టికెట్లు మాత్రం కొంటూనే ఉన్నారు. చివరికి 2020 జులైలో బియెల్సా శిక్షణలో మళ్ళీ పైకొచ్చారు. అప్పటికి కోవిడ్! 2020–21 సీజన్ దాదాపు మొత్తం ఖాళీ మైదానంలో నడిచింది. పదహారేళ్ళు ఎదురుచూసిన రోజు వస్తే ఇంట్లో టీవీలో చూసుకోవాల్సొచ్చింది. 2021 మేలో ఆఖరి మ్యాచ్‌కి కొద్ది వేలమందిని రానిచ్చారంతే. 2023లో మళ్ళీ పడిపోయారు, 2025లో మళ్ళీ లేచారు. మధ్యలో చూసుకుంటే రెండో డివిజన్లో సొంత మ్యాచ్‌లు 23, అంటే పడిపోతే నాలుగు మ్యాచ్‌లు ఎక్కువ. లెక్క ప్రకారం లాభమే మరి!

అన్ని చోట్లా ఇలాగే జరగాలని లేదు. జర్మనీలో 1998 నుంచి ఉన్న 50+1 నిబంధన వల్ల క్లబ్బులో ఓటు మెజారిటీ మామూలుగా సభ్యుల దగ్గరే ఉంటుంది. డార్ట్‌మండ్‌లో దక్షిణం వైపు గ్యాలరీలో ఇప్పటికీ దాదాపు పాతికవేలమంది నిలబడే చూస్తారు. అమెరికాలో గ్రీన్ బే అనే చిన్న ఊరి పాకర్స్ జట్టు 1923 నుంచి జనం వాటాలతో నడుస్తోంది. 1960 నుంచి మైదానమంతా సీజన్ టికెట్లతోనే నిండిపోతోంది. వెయిటింగ్ లిస్టులో లక్షకి పైగా పేర్లున్నాయి, పుట్టిన పిల్లల పేర్లు కూడా రాయిస్తారు. అక్కడ ఆ కుర్చీ ఆస్తి కిందే లెక్క. ఇంగ్లండులో కూడా 2022 జనవరి నుంచి సురక్షితంగా నిలబడే చోట్లు కొన్ని మళ్ళీ వచ్చాయి.

ఇంతవరకూ చెప్పాక మావాడు, "అదంతా సరే అన్నయ్యా, నువ్వెప్పుడైనా కొన్నావా?" అన్నాడు.

కొనలేదు. అసలు విషయం అదే. మన హైదరాబాదుకి ఫుట్‌బాల్ కొత్త కాదు. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదు సార్లు రోవర్స్ కప్ గెలిచింది. 1962 ఆసియా క్రీడల్లో మన దేశానికి స్వర్ణం తెచ్చిన కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీమ్ ఇక్కడివాడే. 2019లో హైదరాబాద్ ఎఫ్.సి. వచ్చింది, మూతపడ్డ పుణె జట్టు స్థానంలో. 2022 మార్చి 20న ఐ.ఎస్.ఎల్. గెలిచింది కూడా. ఆ సీజనంతా కోవిడ్ వల్ల గోవాలోనే జరిగింది, గచ్చిబౌలిలో ఒక్క మ్యాచ్ లేదు. ఫైనల్లో ప్రేక్షకుల్ని రానిచ్చారు గానీ గ్యాలరీలో మనకన్నా కేరళ పసుపు చొక్కాలే ఎక్కువ. మరుసటేడు జట్టు తిరిగొచ్చాక నేను రెండు మూడు మ్యాచ్‌లకి వెళ్ళాను. ట్రాఫిక్ అనీ, టీవీలో వస్తుంది కదా అనీ మిగతావి మానేశాను. తర్వాత జీతాల బకాయిలు, ఆటగాళ్ళని తీసుకోకుండా నిషేధాలు... 2025లో జట్టు ఢిల్లీకి తరలిపోయి పేరు కూడా మార్చుకుంది. నేను టికెట్ కొననందుకే పోయిందని అనను, అప్పులు పెద్దవి. కానీ పోతున్నప్పుడు అడ్డుపడే హక్కున్నవాళ్ళు ఎంతమందని చూస్తే, నేనందులో లేను.

వింబుల్డన్ వాళ్ళకీ ఇదే జరిగింది. వాళ్ళ క్లబ్బు మిల్టన్ కీన్స్‌కి వెళ్ళడానికి 2002లో అనుమతి వచ్చింది. అభిమానులు అదే ఏడాది సొంతంగా ఎ.ఎఫ్.సి. వింబుల్డన్ పెట్టుకుని, కింది మెట్టునుంచి ఎక్కుతూ 2020లో తమ పేటకి, ప్లౌ లేన్‌కి, తిరిగొచ్చారు. ఎన్నేళ్ళుగానో పక్కపక్కన కూర్చుని ఒకరికొకరు తెలిసినవాళ్ళు కాబట్టే అది సాధ్యమైందని నా నమ్మకం.

అందుకని మావాడికి రెండే ముక్కలు చెప్పాను. 14 మ్యాచ్‌లకి వెళ్ళలేనని నీకే తెలిస్తే కొనకు. నీ ఖాళీ కుర్చీ వెనక ఏళ్ళ తరబడి ఎదురుచూస్తున్నవాడు ఒకడుంటాడు. వెళ్ళగలవనుకుంటే ఒక్క ప్రశ్న వేసుకో: ఈ జట్టు మళ్ళీ కిందకి పడిపోతే వచ్చే ఏడాది కూడా కొంటావా? అవునంటే ఎక్సెల్ మూసెయ్. కాదంటే టీవీలో చూసుకో, అందులో తప్పేం లేదు.

కాసేపు ఆలోచించి, "డిసెంబర్లో కాకుండా జూన్లో ఇంటికొస్తే అమ్మ ఏమంటుందో నువ్వే కనుక్కుని చెప్పన్నయ్యా" అన్నాడు. ఇక పిన్నితో మాట్లాడే పని నా నెత్తిన పడింది.