పరిశ్రమలకు పోయిన పొలాలు: నాచారం చెప్పే పాఠం

 

విత్తనం సంగతి, ఎరువు సంగతి, తెగులు సంగతి మేము మీకు చెబుతూనే ఉంటాము. ఇవన్నీ నేల మీద నిలిచే సంగతులు. ఆ నేలే చేయి దాటిపోయే రోజు వస్తే ఏమి చేయాలె అన్నది మాత్రం ఎవరూ ముందుగా చెప్పరు. నోటీసు వచ్చిన తరువాత నలుగురూ నాలుగు మాటలు చెబుతారు. అప్పటికి గడువు దాటి ఉంటుంది. కనుక హైదరాబాదుకు తూర్పున ఉన్న నాచారం, ఉప్పల్ ప్రాంతాన్ని ఆధారం చేసుకొని, పరిశ్రమల కొరకు భూములు తీసుకొన్న చరిత్రను ఈ వ్యాసంలో చెప్పదలచినాను. చరిత్ర అనగా రాజుల కథ ఒక్కటే అనుకోకండి. మీ పహాణీ కాగితంలో ఉన్నది కూడ చరిత్రే.

నేడు నాచారం పోయినవారికి కనిపించేవి కార్ఖానాల గోడలు, గోదాములు, ఎత్తయిన ఇండ్లు. ఉప్పల్ దారిలో మెట్రో రైలు. అయినా పాత పేర్లు మిగిలి ఉన్నవి. నాచారం పెద్దచెరువు, ఉప్పల్ నల్లచెరువు, రామంతాపూర్ చెరువు. ఊరికి చెరువు ఉన్నదంటే దానికి తూము, మత్తడి, దాని కింద ఆయకట్టు ఉండేవని వేరే చెప్పనక్కరలేదు. మూసీ ఒడ్డున ఉన్న భూమిని ఇప్పటికీ ఉప్పల్ భగాయత్ అంటారు. మన రెవెన్యూ భాషలో నీటి పారకపు భూమి తరి, వానకు పండేది ఖుష్కి, తోట భూమి బాగాత్. అక్కడ తోటలు ఉండేవని ఆ పేరే సాక్ష్యం చెబుతున్నది.

ఆ నేల ఎవరిది? నిజాం కాలంలో నగరం చుట్టూ ఉన్న జిల్లాను అత్రాఫ్-ఎ-బల్దా అనేవారు. అందులో పెద్దభాగం సర్ఫ్-ఎ-ఖాస్, అనగా నిజాము సొంత ఖర్చులకు ఆదాయమిచ్చే భూములు. 1949లో సర్ఫ్-ఎ-ఖాస్ ప్రభుత్వపు దివానీలో కలిసినది. అదే సంవత్సరం జాగీర్లు రద్దయినవి. 1950లో వచ్చిన కౌలుదారీ చట్టం దున్నేవానికి రక్షిత కౌలుదారు అనే హోదా ఇచ్చినది. 1954-55లో ఖాస్రా పహాణీ వ్రాసినప్పుడు ఎందరో సేద్యగాండ్ర పేర్లు సర్కారు కాగితం మీదికి ఎక్కినవి. తరతరాలు దున్నిన నేల చివరకు తమదని కాగితం చెప్పినది. ఆ సంతోషం ఎంతో కాలం నిలువలేదు. ఇరవై ఏండ్లు నిండకముందే నగరపు తూర్పు దిక్కుకు పరిశ్రమలు వచ్చినవి.

హైదరాబాదులో పరిశ్రమలు కొత్తవేమీ కావు. 1929లోనే నిజాం ప్రభుత్వం పారిశ్రామిక నిధి ఏర్పాటు చేసినది. ఆ తరువాత ఆజామాబాదు పారిశ్రామిక వాడ వెలిసినది. స్వాతంత్ర్యం వచ్చిన తరువాత పంచవర్ష ప్రణాళికలతో ఈ పని వేగం పుంజుకొన్నది. 1961లో ఉప్పల్ దారిలో జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ, 1967లో ఈసీఐఎల్, 1971లో మౌలాలి దగ్గర అణు ఇంధన సముదాయం ఏర్పడినవి. 1973లో రాష్ట్ర పారిశ్రామిక మౌలిక సదుపాయాల సంస్థ, అనగా ఏపీఐఐసీ, పుట్టినది. భూమి తీసుకొని, రోడ్డు వేసి, నీరు, కరెంటు ఇచ్చి, ప్లాట్లు చేసి కార్ఖానాదారులకు కేటాయించుట దాని పని. నాచారం, ఉప్పల్, మల్లాపూర్, మౌలాలి, చర్లపల్లి పేర్ల పక్కన పారిశ్రామిక వాడ అన్న మాట చేరినది.

పరిశ్రమలు వద్దని నేను చెప్పడం లేదు. మన పిల్లలు ఆ కార్ఖానాల్లో పనిచేసినారు. మన పంటలకు కొట్టే మందులు, మోటార్లు, పైపులు కార్ఖానాల నుండే వచ్చినవి. దేశానికి అవి కావలె. అయితే ఒక ప్రశ్న అడగవలె. నేల ఇచ్చినవానికి ఏమి దక్కినది?

దీనికి జవాబు చట్టంలో ఉన్నది. ఇంగ్లీషువారు 1894లో భూసేకరణ చట్టం చేసినారు. హైదరాబాదు రాజ్యానికి 1309 ఫస్లీ నాటి సొంత చట్టం ఉండేది. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన తరువాత, 1959లో, 1894 చట్టమే తెలంగాణ జిల్లాలకు కూడ వర్తించినది. దాని పద్ధతి ఇది: ప్రజాప్రయోజనం కొరకు ఫలానా సర్వే నంబర్లు కావలెనని సర్కారు గెజిట్‌లో నాలుగో సెక్షన్ కింద ప్రకటన వేస్తుంది. ఆ ప్రకటన నాటి మార్కెటు విలువ కట్టి, దాని మీద నూటికి 15 కలిపి ఇస్తారు. ఆ 15 ఎందుకనగా, ఇష్టం లేకున్నా అమ్మవలసి వచ్చినందుకు ఓదార్పు. ఎకరం విలువ 2,000 రూపాయలని కట్టినారనుకొందాం. రైతుకు వచ్చేది 2,300.

ఈ లెక్కలో మూడు చిక్కులున్నవి.

మొదటి చిక్కు తేదీది. ధర ప్రకటన నాటిది, డబ్బు చేతికి వచ్చేది ఎన్నో ఏండ్లకు. ఈలోగా పక్క ఊళ్ళో భూమి ధర పెరుగుతుంది, రైతు ధర మాత్రం కదలదు.

రెండో చిక్కు విలువ కట్టే పద్ధతిది. చుట్టుపక్కల రిజిస్టరైన క్రయపత్రాలు చూసి అధికారి విలువ నిర్ణయిస్తాడు. స్టాంపు ఖర్చు మిగులుతుందని మనవాళ్ళు పత్రంలో ధర తగ్గించి వ్రాయించుకొంటారు. ఆ తక్కువ అంకెయే తరువాత ఊరందరి పొలాలకు ధర అవుతుంది.

మూడో చిక్కు మనుషులది. పట్టాదారు పేరు కాగితంలో ఉంటుంది. కౌలుదారు, కూలీ, చెరువు కింద నీరు కట్టే నీరటి, గొర్లకాపరి, వీరిలో చాలమంది పేరు ఎక్కడా ఉండదు. భూమి పోయిననాడు వారి బ్రతుకు కూడ పోతుంది, కాని వారికి చెక్కు రాదు.

ఇక చట్టం మారిన వరుస చూడండి. మా భూమి తీసుకోవద్దని అభ్యంతరం చెప్పుకొనే హక్కు మొదట లేదు, అది 1923లో వచ్చినది. ప్రైవేటు కంపెనీ యంత్రాల కార్ఖానా కొరకు భూమి తీసుకొనుట చెల్లదని కాన్పూరు కేసులో సుప్రీంకోర్టు చెప్పగా, 1962లో సర్కారు చట్టాన్నే సవరించి అటువంటి సేకరణకు దారి చేసుకొన్నది. ప్రకటన వేసి ఏండ్ల తరబడి కూర్చొనుటకు వీలు లేకుండా 1967లో మూడేండ్ల హద్దు పెట్టినారు. 1984లో ఓదార్పు సొమ్ము నూటికి 30 అయినది, ప్రకటన నాటి నుండి సాలుకు నూటికి 12 అదనం కూడ చేరినది. లావుణి పట్టా, అనగా సర్కారు ఇచ్చిన అసైన్డు భూమి ఉన్న పేదలకు పూర్తి పరిహారం అక్కరలేదన్న వాదన చాల కాలం నడిచినది. చేవెళ్ళ రెవెన్యూ డివిజను కేసులో 2004లో హైకోర్టు విస్తృత ధర్మాసనం వారికీ పట్టాదారులతో సమానంగా మార్కెటు విలువ ఇవ్వాలెనని తీర్పు చెప్పినది. చివరకు 2013లో కొత్త చట్టం వచ్చి, 2014 జనవరి 1 నుండి అమలయినది. దానిలో ఓదార్పు నూటికి నూరు. పల్లె ప్రాంతంలో మార్కెటు విలువను ఒకటి నుండి రెండు రెట్ల దాకా హెచ్చించి, దాని మీద ఆ నూరు కలుపుతారు. రెండు రెట్లు వర్తించే చోట మన 2,000 రూపాయల లెక్క 8,000 అవుతుంది. మూడేండ్లుగా ఆ భూమి మీద బ్రతికే కౌలుదారు, కూలీ కుటుంబాలను కూడ ఈ చట్టం బాధిత కుటుంబాలుగా గుర్తించినది.

ఈ వరుసలో ఒక సంగతి మీకు తట్టే ఉంటుంది. ప్రతి హక్కూ ఒక తరం నష్టపోయిన తరువాతనే చట్టంలోకి ఎక్కినది. పారిశ్రామిక వాడలు పుట్టిన కాలంలో నగరం చుట్టూ భూములిచ్చినవారికి 15 దొరికినది, 30 దొరకలేదు. వారి పిల్లల కాలానికి 30 వచ్చినది, మనుమల కాలానికి నూరు వచ్చినది. పోయిన పొలానికి కొత్త చట్టం తిరిగి లెక్క కట్టదు.

భూమి ఇవ్వని రైతుకు కూడ నష్టం తప్పలేదు. వాడల నుండి, కాలనీల నుండి మురుగు పారి చెరువుల్లో చేరినది. చెరువు నీరు పనికిరాకపోతే ఆయకట్టు ఉండీ లేనట్లే. మూసీ వెంట ఉప్పల్ దిగువన పీర్జాదిగూడ, పర్వతాపురం వైపు రైతులు వరి మాని, మురుగు నీటిని తట్టుకొనే పారా గడ్డి పెంచి నగరపు పాడి పశువులకు అమ్ముకొన్నారు. అది వారి తెలివి. అయినా తిండిగింజ పండే నేల గడ్డికి దిగినదన్నది నిజం. ఇటువంటి నష్టానికి ఏ గెజిట్‌లోనూ ప్రకటన రాదు.

ఇప్పుడు కథలో కొత్త మలుపు. నగరం పెరిగి, వాడలు ఊరి నడుమకు వచ్చినవి. 2020లో తెలంగాణ ప్రభుత్వం గ్రిడ్ విధానమని పెట్టి, ఉప్పల్, నాచారం వంటి పాత వాడల్లో కార్ఖానాల చోట కంప్యూటరు కంపెనీల భవనాలకు దారి చేసినది. 2025 నవంబరులో మరొక విధానం తెచ్చి, నగరపు పాత పారిశ్రామిక వాడల భూముల్లో ఇండ్లకు, వ్యాపారానికి కూడ రుసుము కట్టి మార్పు చేసుకోవచ్చునన్నది. కాలుష్యం నగరం బయటికి పోతుందని సర్కారు వాదన. విలువైన భూములు చౌకగా చేతులు మారుతాయని ప్రతిపక్షాల వాదన. ఆ తగవు తీర్చుట నా పని కాదు. రైతు వైపు నుండి ఒక్క మాట చూడండి. రుసుము సర్కారుకు పోతుంది. పెరిగిన విలువ నేడు ప్లాటు చేతిలో ఉన్నవానికి పోతుంది. మొదట నాగలి ఆపి నేల ఇచ్చినవానికి ఈ లెక్కలో గడి లేదు. పాత చట్టం కింద తీసుకొన్న భూమి మొదటి పనికి అక్కర తీరినా రైతుకు తిరిగి రాదనీ, సర్కారు దానిని మరొక ప్రజాప్రయోజనానికి వాడవచ్చు, లేదా వేలం వేయవచ్చుననీ సుప్రీంకోర్టు 1997లో ఒక కేరళ కేసులో చెప్పి ఉన్నది.

దీనికి పక్కనే ఇంకొక పద్ధతి కనిపిస్తుంది. ఉప్పల్ భగాయత్‌లో నగరాభివృద్ధి సంస్థ భూములు తీసుకొన్నప్పుడు, ఎకరానికి వెయ్యి గజాల చొప్పున అభివృద్ధి చేసిన స్థలం రైతుకు ఇచ్చే ఏర్పాటు జరిగినది. ఎకరం అంటే 4,840 గజాలు. అందులో అయిదో వంతు మాత్రమే తిరిగి వచ్చినట్లు. 2019లో అక్కడి ప్లాట్లను హెచ్ఎండీఏ వేలం వేసినది. అయిదో వంతు తక్కువేనని కొందరంటారు. కాని చేతిలో స్థలం ఉన్నవాడు పెరిగే ధరలో భాగస్వామి. డబ్బు తీసుకొన్నవాడు ఆ రోజు ధరకు మాత్రమే భాగస్వామి. ఈ తేడా గుర్తుంచుకోండి.

ఇక మీరు చేయవలసినవి చెబుతాను. కాగితం పెట్టుకొని వ్రాసుకోండి.

ఒకటి. నోటీసు రాకముందే రికార్డు సరిచేసుకోండి. తండ్రి, తాతల పేరు మీద ఉండిపోయిన పట్టాకు విరాసత్ చేయించండి. బావి, బోరు, చెట్లు, పశువుల కొట్టం, పంట, వీటికి కూడ విలువ కడతారు కనుక వాటి రుజువులు, ఫోటోలు, కరెంటు బిల్లులు దాచండి.

రెండు. భూమి కొన్నప్పుడు పత్రంలో నిజమైన ధరే వ్రాయించండి.

మూడు. కొత్త చట్టం కింద మొదటి ప్రకటన వచ్చిన 60 రోజుల్లో అభ్యంతరం వ్రాసి ఇవ్వవచ్చు. నోటితో చెప్పినది నిలువదు. వ్రాసి, రసీదు తీసుకోండి. తెలంగాణలో 2016లో శాసనసభ ఆమోదించిన సవరణ ప్రకారం పారిశ్రామిక కారిడార్ల వంటి వాటికి సామాజిక ప్రభావ విచారణ నుండి సర్కారు మినహాయింపు ఇవ్వవచ్చు. కనుక విచారణకు వచ్చినప్పుడు చెబుదామని కూర్చోకండి.

నాలుగు. పరిహారం చాలదనిపిస్తే, చెక్కు తీసుకొనేటప్పుడే ‘అభ్యంతరంతో తీసుకొంటున్నాను’ అని వ్రాసి సంతకం చేయండి. ఈ ఒక్క మాట వ్రాయనివాడు ఎక్కువ అడిగే హక్కు పోగొట్టుకొంటాడు. పాత చట్టంలోనూ ఇదే నియమం, కొత్త దానిలోనూ ఇదే. అవార్డు చెప్పేటప్పుడు మీరు అక్కడ ఉంటే, ఆ నాటి నుండి ఆరు వారాల్లో రిఫరెన్సు కోరవలె.

అయిదు. ఒప్పంద ధరకు సంతకం పెడితే కోర్టు దారి దాదాపు మూసుకొనిపోతుంది. ఆ కాగితం ఇంటికి తెచ్చి, చదువుకొన్నవారితో చదివించుకొని, ఇంటి ఆడవారితో కూడ మాట్లాడిన తరువాతనే సంతకం.

ఆరు. అదే ప్రకటన కింద భూమి పోయిన పొరుగువానికి కోర్టు ఎక్కువ ధర ఇస్తే, కోర్టుకు పోనివారు కూడ ఆ తీర్పు నాటి నుండి మూడు నెలల్లో కలెక్టరుకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. కనుక పొరుగువాని కేసు ఎక్కడ ఉన్నదో తెలుసుకొంటూ ఉండండి.

ఏడు. 2013 చట్టం కింద తీసుకొన్న భూమిని అయిదేండ్లు వాడకుండా ఉంచితే అది రైతుకు గాని, సర్కారు భూనిధికి గాని చేరవలె. ఏ అభివృద్ధీ చేయకుండా అయిదేండ్ల లోపల ఎక్కువ ధరకు చేతులు మారిస్తే, పెరిగిన విలువలో నూటికి 40 మొదటి హక్కుదారులకు పంచవలె. ఊరంతా కలిసి ఆ సర్వే నంబర్ల మీద కన్ను వేసి ఉంచితేనే ఈ హక్కు పనికి వస్తుంది.

తోటి విస్తరణోద్యోగులకు ఒక మనవి. మన పని పంటతో ముగుస్తుందని అనుకోవద్దు. గెజిట్ ప్రకటన రైతు చదవడు, మనకు చదువ వచ్చును. మన క్లస్టరులో ఏ సర్వే నంబరు ప్రకటనలో ఉన్నదో చూసి, గడువు తేదీ ఊరి రచ్చబండ దగ్గర చెప్పినా అది విస్తరణ సేవే. పరిహారం వచ్చిన కుటుంబాలకు ఆ సొమ్ముతో మరొక చోట నేల కొనమని, కనీసం కొంత భాగం బ్యాంకులో నిలువ చేయమని చెప్పండి. పొలం ఏటా తిండి పెడుతుంది. డబ్బు ఖర్చయితే మళ్ళీ మొలవదు.

నాచారం చెరువు కింద వరి కోసినవారు మనకు ఈ పాఠం తమ నేల ఖరీదు పెట్టి నేర్పినారు. వారికి ఆలస్యంగా వచ్చిన హక్కులు మీకు పుస్తకంలో సిద్ధంగా ఉన్నవి. గడువు లోపల వాటిని వాడుకొనుట మీ వంతు.