రాత ఒకరిది, సంతకం ఒకరిది: మందుల దస్త్రాల వెనుక చరిత్ర

కొత్త మందును మనుషులపై పరీక్షకు పెట్టిన నాటి నుంచి అది దుకాణానికి చేరే దాకా తయారు కావలసిన పరీక్షా ప్రణాళికలు, నివేదికలు, సారాంశాలు, సమ్మతి పత్రాలు రాసే పనిని ఔషధ పరిశ్రమలో మెడికల్ రైటింగ్ అంటారు. వీటిని రాసేది చాలావరకు ఆ పరీక్షలు జరిపిన వైద్యులు కారు, కంపెనీలో జీతానికి పనిచేసే ఫార్మసీ, జీవశాస్త్ర, వైద్య పట్టభద్రులు. ఈ వృత్తి విశ్వవిద్యాలయంలో పుట్టినది కాదు. మందుల వల్ల ప్రాణనష్టం జరిగినప్పుడల్లా చట్టం ఒక కొత్త కాగితం అడుగుతూ పోగా, ఆ కాగితం రాయగలవారి అవసరం నుంచి పుట్టింది.

1937లో అమెరికాలో మసెంగిల్ కంపెనీ సల్ఫనిలమైడ్ మందును డైఇథిలీన్ గ్లైకాల్ అనే ద్రావణిలో కరిగించి, రాస్ప్‌బెర్రీ రుచి కలిపి ద్రవరూపంలో అమ్మింది. ఆ ద్రావణి విషమో కాదో ముందుగా జంతువులపైనైనా పరీక్షించకపోవడంతో పిల్లలతో సహా వందమందికి పైగా మరణించారు. మందు సురక్షితమని ముందే రుజువు చేయాలన్న నియమం అప్పటి చట్టంలో లేనందున, సీసాలను స్వాధీనం చేసుకోవడానికి అధికారులకు దొరికిన ఆధారం ఒక్కటే: ఆల్కహాల్ లేని ద్రవానికి ఎలిక్సిర్ అని లేబుల్ వేయడం. 1938 నాటి కొత్త చట్టం ఈ లోటును పూడ్చి, సురక్షితత్వాన్ని చూపే దరఖాస్తును అమ్మకానికి ముందే సమర్పించాలని నిర్దేశించింది.

దరఖాస్తు వచ్చినంత మాత్రాన దానిలోని రాతకు విలువ రాలేదని థాలిడొమైడ్ ఉదంతం బయటపెట్టింది. 1960లో మెరెల్ కంపెనీ ఈ నిద్రమందుకు అనుమతి కోరినప్పుడు, దస్త్రాన్ని పరిశీలించిన ఫ్రాన్సెస్ కెల్సీ దానిలో పద్ధతిగా జరిగిన అధ్యయనాలకన్నా వైద్యుల మెచ్చుకోళ్లే ఎక్కువగా ఉన్నాయని పదేపదే తిప్పి పంపారు. ఆమె అంతకుముందు అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రిక సంపాదక విభాగంలో పనిచేసినవారు కావడం ఇక్కడ గమనించదగ్గది. ఇదే మందు గర్భిణులకు చివరి నెలల్లో సురక్షితమని 1961లో ఒక ప్రసూతి వైద్యుని పేరిట ప్రముఖ పత్రికలో వ్యాసం వెలువడగా, దానిని నిజంగా రాసింది కంపెనీ మెడికల్ డైరెక్టరేనని ఆ వైద్యుడే తరువాత వాంగ్మూలంలో ఒప్పుకున్నారు. వృత్తిగా గౌరవం దక్కకముందే మెడికల్ రైటింగ్‌కు అంటిన మచ్చ ఇది. ఇప్పటికీ పూర్తిగా చెరగలేదు. 1962 సవరణ చట్టం మందు పనిచేస్తుందన్న రుజువును కూడా కోరింది. ఆ రుజువు తగిన నియంత్రణతో జరిపిన పరీక్షల నుంచే రావాలన్నది. దాంతో దరఖాస్తులు సంపుటాలకు సంపుటాలయ్యాయి.

ఒక్కో దేశం ఒక్కో తీరున రాయించుకోవడంతో పని రెట్టింపైన మీదట, అమెరికా, యూరప్, జపాన్‌ల ఔషధ నియంత్రణ సంస్థలూ పరిశ్రమ ప్రతినిధులూ కలిసి 1990లో ఐసీహెచ్ అనే ఉమ్మడి వేదికను నెలకొల్పారు. అది 1995లో వెలువరించిన ఈ3 మార్గదర్శకం పరీక్షా నివేదికలో ఏ అధ్యాయంలో ఏమి ఉండాలో నిర్ణయించింది. పరీక్షా కాలంలో రోగి మరణించినా, తీవ్రమైన దుష్ఫలితానికి గురైనా దానిని విడిగా కథనంగా రాయాలని దీని పన్నెండవ అధ్యాయం చెబుతుంది: రోగి వయసు, లింగం, మందు మొదలుపెట్టాక ఎన్నాళ్లకు లక్షణం కనిపించింది, మందు ఆపారా, ఏ చికిత్స చేశారు, మందే కారణమా అన్నదానిపై పరీక్షించిన వైద్యుని అభిప్రాయమేమిటి, కంపెనీ అభిప్రాయమేమిటి. ఈ చివరి రెండింటినీ వేరువేరుగా రాయించడంలో 1961 నాటి అనుభవం వినిపిస్తుంది. కొత్తగా ఈ పనిలో చేరినవారికి మొదట అప్పగించేది సాధారణంగా ఈ కథనాలనే. పెద్దలు దిద్దిన ప్రతులే వారికి పాఠ్యపుస్తకాలు.

హైదరాబాద్ ఈ రాతలోకి మరో దారిన వచ్చింది. మందుకు కాక తయారీ విధానానికే పేటెంటునిచ్చిన 1970 నాటి భారత చట్టం, ప్రభుత్వరంగ ఔషధ సంస్థ ఐడీపీఎల్‌లో పని నేర్చుకున్న రసాయన నిపుణులు కలిసి ఇక్కడ ముడి ఔషధాల పరిశ్రమను పెంచాయి. అందువల్ల ఇక్కడివారు తొలుత నేర్చింది రోగుల గురించి రాయడం కాదు, ఆ ముడి ఔషధం తయారీ వివరాలు పొందుపరిచే డ్రగ్ మాస్టర్ ఫైల్ రాయడం. 1984 నాటి అమెరికా చట్టం జనరిక్ మందులకు సంక్షిప్త దరఖాస్తు చాలునన్నాక, అసలు మందుతో సమానంగా రక్తంలో కలుస్తుందని చూపే బయోఈక్వివలెన్స్ నివేదికలు తోడయ్యాయి. రోగుల నివేదికలు ఆ తరువాత, బహుళజాతి సంస్థల కేంద్రాలతో వచ్చాయి.

ఈ దస్త్రాలన్నిటిలో సామాన్యుని చేతికి ప్రధానంగా వచ్చేది సమ్మతి పత్రమే. 2009లో ఖమ్మం జిల్లాలో బాలికలకు హెచ్‌పీవీ టీకా వేసిన ప్రాజెక్టును పరిశీలించిన పార్లమెంటరీ స్థాయీ సంఘం 2013 నివేదికలో, 9,543 పత్రాలలో 2,763 పత్రాలపై తల్లిదండ్రులకు బదులు హాస్టల్ వార్డెన్ల సంతకాలు, 1,948 పత్రాలపై వేలిముద్రలు ఉన్నట్లు తేల్చింది. పాల్గొనే వ్యక్తికి అర్థమయ్యే భాషలోనే పత్రం ఉండాలన్న నియమం అప్పటికే పుస్తకాలలో ఉంది. ఆ 2013లోనే, సమ్మతి తీసుకునే ప్రక్రియను దృశ్య, శ్రవణ రూపంలో రికార్డు చేయాలన్న ఆదేశం క్లినికల్ పరీక్షలకు కొత్తగా వచ్చి చేరింది.