పెటలూమా మట్టిమేడ

మన గ్రంథాలయ రజతోత్సవ సంచికలో సముద్రముల కావలి మట్టియింటి ప్రసక్తి యేలయని పాఠకులు సందేహింపవచ్చును. మట్టిగోడ యెట్లు నిలుచునో, ఎట్లు కూలునో మన పల్లెవారి కొకరు చెప్పనక్కరలేదు. ఆ యెరుక గలవారికే యీ కథ బాగుగా తెలియును.

అమెరికాలో శాన్ ఫ్రాన్సిస్కోకు ఉత్తరమున, పెటలూమా పట్టణమునకు చేరువ నొక తిప్పమీద ఈ మేడ యున్నది. కాలిఫోర్నియా మెక్సికో యేలుబడిలో నున్న కాలమున, ఉత్తరపు సరిహద్దు సేనాధిపతియైన మరియానో గ్వాడలూపె వయేహో 1836లో దీని కట్టడము నారంభించెను. ఆయన భూమి పెరిగి పెరిగి 66 వేల యెకరములైనది. పంటలున్నను పశువులే ప్రధానము. తోళ్లను, క్రొవ్వును ఓడల కెక్కించి వస్త్రాది సామగ్రిని బదులుగా గొనెడివారు.

మట్టిలో గడ్డి కలిపి, అచ్చుల పోసి, ఎండబెట్టిన పచ్చి యిటుకలతో గోడలు లేపిరి. వాని మందము సుమారు మూడడుగులు. రెడ్‌వుడ్ దూలములను పచ్చితోలు పట్టీలతో బిగించిరి. చుట్టును వెడల్పైన వసారాలు దింపిరి. అవి సొగసునకు మాత్రమే కాదు, వానజల్లు గోడను తాకకుండుటకు. ఎండకు రాయివలె గట్టిపడు గోడ నీటికి మరల మట్టియే గదా!

1846 జూన్‌లో అమెరికన్ తిరుగుబాటుదారులు వయేహోను బంధించి సట్టర్ కోటకు కొనిపోయిరి. చిత్రమేమనగా, ఆయన అమెరికా పాలనను మనసార కోరినవాడే! విడుదలై వచ్చునప్పటికి పశువులు, గుర్రములు చాలవరకు కొల్లపోయినవి. 1857లో మేడ నమ్మివేసెను. పిమ్మట పట్టించుకొనువారు లేక సగము కట్టడము నేలగలిసినది. 1910లో ‘నేటివ్ సన్స్ ఆఫ్ ది గోల్డెన్ వెస్ట్’ అను సంఘము మిగిలినదానిని కొని కాపాడెను. 1951లో అది రాష్ట్ర ప్రభుత్వపరమై, నేడు చారిత్రక స్థలముగా అందరికిని తెరువబడియున్నది.

ఆ సంఘము తన సభ్యులకు ‘ఈ నేల కన్నబిడ్డలు’ అని పేరిడుకొన్నది. నిజమునకు ఆ యిటుకలు చేసినవారు కోస్ట్ మివాక్, పోమో, వాపో, పట్విన్ మున్నగు తెగల ఆదివాసులు. పొట్టకూటికై వచ్చినవారు కొందరు, పట్టి తేబడినవారు కొందరు. 1837-38లలో మశూచికము ఆ ప్రాంతపు తెగలను ఊళ్లకూళ్లుగా తుడిచిపెట్టినది. దొరగారి గదులను చూడ జనులు చాలకాలముగా వచ్చుచున్నారు గాని, యీ కష్టజీవుల నివాసముల జాడ వెదకినవారు తక్కువ. 20వ శతాబ్ది చివర మేడచెంత త్రవ్వకములు జరిపినప్పుడు గాజుపూసలతో, లోహపు వస్తువులతోపాటు గాజువంటి నల్లరాతిని చెక్కిన పనిముట్లును దొరికినవి. ఇనుము చేతి కందిన పిమ్మటను తాతలనాటి రాతిపనిని వారు మానలేదు.